సంఘంలో యవ్వనస్థుల కూడిక నిలబడాలంటే ఏం చేయాలి?

"మా సంఘంలో యూత్ నిలవడం లేదు. ఏం చేస్తే వస్తారు?" తిరుపతిలోనూ, చిత్తూరులోనూ, పుత్తూరు, పాకాల, చంద్రగిరి వైపు చిన్న సంఘాల్లోనూ పెద్దలు, సండే స్కూలు టీచర్లు పదే పదే అడుగుతున్న మాట ఇది. ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే బదులు, చేయాల్సిన పని మొత్తం వరసగా ఇక్కడ రాస్తున్నాను.

యూత్ రావడం లేదనగానే మనకు ముందు తోచేది పెద్ద మీటింగు. బయటి ఊరి నుంచి స్పీకరు, ఫ్లెక్సీ, లైట్లు, చివర్లో బిర్యానీ. ఆ రోజు హాలు నిండుతుంది. తర్వాతి వారం మళ్ళీ ఆ నలుగురే. పిల్లలు ప్రోగ్రాములు లేక దూరం కావడం లేదు. తమ సంగతి అడిగేవాళ్ళు లేక, తమ చేతికి పని లేక దూరమవుతున్నారు. అందుకే ఈ పద్ధతికి ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. కనీసం ఏడాది ఆగకుండా చేయగలమనుకుంటేనే మొదలుపెట్టండి. మూడు నెలలు నడిపి ఆపేస్తే, రెండోసారి పిలిచినప్పుడు పిల్లలు నమ్మరు.

కావలసినవి

- ఇద్దరు బాధ్యులు: ఒక అన్న, ఒక అక్క. పెళ్ళయిన జంట అయితే ఇంకా మంచిది. పాట బాగా పాడేవాళ్ళే కానక్కర్లేదు, మాట నిలబెట్టుకునేవాళ్ళు కావాలి.
- పాస్టర్ గారి ఒప్పుదల, సంఘ పెద్దల ఒప్పుదల. కమిటీ మినిట్స్‌లో రాయించుకోండి. తర్వాత "ఎవరిని అడిగి చేస్తున్నారు" అనే మాట రాదు.
- ఒక లాంగ్ నోటు పుస్తకం.
- కూర్చోవడానికి చోటు. ఫ్యాను ఉండాలి, తలుపులు తెరిచి ఉంచగలగాలి. చర్చి వరండా చాలు.
- టీ, బన్నులు, జిరాక్సులకు నెలనెలా కొంచెం డబ్బు.
- పిల్లలందరి తల్లిదండ్రుల ఫోన్ నంబర్లు.

సౌండ్ సిస్టం, టీషర్టులు, బ్యానరు మొదటి ఏడాది అక్కర్లేదు.

1. పేర్లు రాయండి

సంఘం రిజిస్టరు ముందు పెట్టుకుని కుటుంబం తర్వాత కుటుంబం చూస్తూ 13 నుంచి 30 ఏళ్ళ మధ్య ఉన్న ప్రతి ఒక్కరి పేరు నోటు పుస్తకంలో ఎక్కించండి. వచ్చేవాళ్ళ పేర్లే రాసి ఊరుకోవద్దు. మానేసినవాళ్ళ పేర్లే ముఖ్యం. ఒక్కొక్కరికి ఒక పేజీ ఇవ్వండి. చదువా, ఉద్యోగమా? ఇంట్లోనా, హాస్టల్లోనా? ఏ షిఫ్టు? ఇంట్లో ఎవరెవరున్నారు? చివరిసారి ఎవరు మాట్లాడారు, ఎప్పుడు?

ఇది రాస్తుంటేనే మన ప్రాంతపు సంగతి బయటపడుతుంది. తిరుపతిలో ఎస్వీ యూనివర్సిటీ, పద్మావతి మహిళా యూనివర్సిటీ, మెడికల్ కాలేజీ ఉన్నాయి. ఏర్పేడు దగ్గర ఐఐటీ ఉంది. బయటి జిల్లాల నుంచి వచ్చి హాస్టళ్ళలో ఉండే క్రైస్తవ పిల్లలు ఆదివారం ఏదో ఒక చర్చిలో వెనక వరసలో కూర్చుని, ఆశీర్వాదం అయిపోగానే వెళ్ళిపోతారు. వాళ్ళు ఏ రిజిస్టరులోనూ ఉండరు. వాళ్ళకోసం విడిగా నాలుగు పేజీలు వదలండి. శ్రీసిటీ ఫ్యాక్టరీల్లో షిఫ్టులు చేసేవాళ్ళను విడిగా గుర్తుపెట్టుకోండి. చిత్తూరు వైపు తోతాపురి సీజన్‌లో మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు పనికి పోయే పిల్లలు ఆ నెలల్లో కనబడకపోతే, అది భక్తి తగ్గి కాదు.

2. వెళ్ళండి, వినండి

కూడిక పెట్టకముందే చేయాల్సిన పని ఇది. చాలామంది దీన్ని వదిలేస్తారు. నెలా రెండు నెలలు పట్టినా సరే, ఒక్కొక్కరిని ఇంటి దగ్గరో, టీ కొట్టు దగ్గరో కలవండి. అమ్మాయిల ఇళ్ళకు అక్క వెళ్ళాలి. ఇంట్లో పెద్దవాళ్ళు ఉన్న వేళ చూసుకుని వెళ్ళాలి.

"ఏం నాయనా, చర్చికి రావడం మానేశావే?" అని మొదలుపెట్టారంటే అక్కడితో సరి. తలవంచుకుని "వస్తాలే అన్నా" అంటాడు, రాడు. "ఎట్లుండావు? డ్యూటీ ఎన్నింటికి? నిద్ర సరిపోతా ఉందా?" అని అడగండి. నైట్ షిఫ్టు చేసి తెల్లారి ఇంటికొచ్చినవాడు ఆదివారం ఆరాధన వేళకు లేవలేకపోవడం ఎలా ఉంటుందో అతని నోటి వెంటే వినండి. ఆ తర్వాత మూడు ప్రశ్నలు:

- ఈమధ్య నీకు బరువుగా ఉన్నదేంటి?
- మన సంఘంలో నీకు ఇబ్బందిగా అనిపించేదేంటి?
- నీకు బాగా వచ్చిన పనేంటి?

రెండో ప్రశ్నకు వచ్చే జవాబు మనకు నచ్చకపోవచ్చు. "ప్రసంగంలో మా జీన్స్ గురించే చెబుతారు", "నాకు ఇంటర్ పోయిన సంగతి ప్రార్థన విన్నపంలో మైకులో చెప్పేశారు" లాంటివి వినాల్సి వస్తుంది. వాదించకండి, సమర్థించుకోకండి. ఇంటికొచ్చాక వాళ్ళ పేజీలో రాసుకోండి. ఒకరు చెప్పింది ఇంకొకరి దగ్గర ఎత్తకండి. వెళ్ళేముందు చిన్న ప్రార్థన చేయండి. వాళ్ళు చెప్పిన బరువునే దేవుని ముందు పెట్టండి, ఆ ప్రార్థనలో ఉపదేశం కలపకండి.

3. వేళ కుదర్చండి

పెద్దలకు వీలైన వేళ కాకుండా పేజీల్లో రాసుకున్నది చూసి వేళ పెట్టండి. హాస్టలు పిల్లలకు సాయంత్రం గేటు మూసే వేళ ఉంటుంది. పల్లెల నుంచి వచ్చేవాళ్ళకు చివరి బస్సు ఉంటుంది. ఈ రెంటికీ గంట ముందే కూడిక ముగిసిపోవాలి. ఎక్కువ సంఘాలకు ఆదివారం ఆరాధన తర్వాత, టీ తాగి కూర్చోవడం కుదురుతుంది. షిఫ్టువాళ్ళు ఎక్కువ ఉంటే నెలలో రెండు వారాలు ఆదివారం, రెండు వారాలు శనివారం సాయంత్రం పెట్టి చూడండి.

బ్రహ్మోత్సవాలప్పుడు, వైకుంఠ ఏకాదశికి తిరుపతిలో బస్టాండు చుట్టుపక్కల దారులు కిక్కిరిసి ఉంటాయి. ఆ వారాల్లో అందరినీ ఒకచోటికి రమ్మనకుండా ఆయా వీధుల్లో ఇళ్ళ దగ్గర నలుగురైదుగురు కూడుకుంటే చాలు.

పరీక్షల విషయంలో గట్టిగానే చెబుతాను. మార్చిలో టెన్త్, ఇంటర్, తర్వాత మే నెలలో ఇంజనీరింగ్ లాంటి కోర్సుల ప్రవేశ పరీక్ష ఈఏపీసెట్. ఆ రోజుల్లో కూడికను అరగంటకు తగ్గించండి. పరీక్షకు ముందు రాత్రి జాగరణ ప్రార్థన పెట్టి పిల్లల్ని కూర్చోబెట్టకండి. పెద్దలు ప్రార్థించండి, పిల్లల్ని నిద్రపోనివ్వండి. ఫలితాలొచ్చిన రోజు ఫస్ట్ క్లాసు వచ్చినవాళ్ళకంటే ముందు ఫెయిలైనవాళ్ళకు ఫోన్ చేయండి. సప్లిమెంటరీకి ఫీజు కట్టే తేదీ గుర్తుచేయండి, కట్టలేకపోతే సర్దుబాటు చేయండి.

4. పని చేతికివ్వండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. కుర్చీలు వేయడం, ప్రేమ విందులో వడ్డించడం, క్రిస్మస్‌కు స్టార్ కట్టడం మన పిల్లలు ఎప్పుడూ చేస్తున్నదే. అది చాలదు. సంఘం నిజంగా ఆధారపడే పని ఒకటి వాళ్ళదై ఉండాలి, వాళ్ళు చేయకపోతే లోటు తెలియాలి.

ఉదాహరణకు ఆదివారం ఆరాధనలో వాక్య పఠనం తీసుకోండి. ఇంటర్ చదివే అమ్మాయికి అప్పగిస్తున్నారనుకుందాం. ఆదివారం పొద్దున గేటు దగ్గర పట్టుకుని "ఈ రోజు నువ్వు చదువు" అనకూడదు. సోమవారమే అధ్యాయం చెప్పండి. రెండుసార్లు ఇంట్లో పైకి చదువుకోమనండి. శనివారం ఖాళీ చర్చిలో మైకు ముందు నిలబెట్టి ఒకసారి చదివించండి. మైకు నోటికి జానెడు దూరంలో ఉండాలని, వాక్యం ముగిసే చోట ఊపిరి తీసుకోవాలని చూపించండి. మెఫీబోషెతు లాంటి పేరు వస్తే మీరు ముందు పలికి, ఆమె చేత మూడుసార్లు పలికించండి. ఆదివారం మీరు ముందు వరసలో, ఆమెకు కనబడే చోట కూర్చోండి. తడబడితే మధ్యలో అందుకోకండి, ఆమే సర్దుకుంటుంది. ఆరాధన అయ్యాక పక్కకు పిలిచి బాగా చేసినది ఒకటి, మార్చుకోవాల్సినది ఒకటి చెప్పండి. మూడోదేమైనా ఉంటే వచ్చే నెలకు అట్టిపెట్టుకోండి.

ఏ పనికైనా ఇదే వరస: ముందు మీరు చేసి చూపించండి, తర్వాత కలిసి చేయండి, ఆ తర్వాత వాళ్ళు చేస్తుంటే పక్కన ఉండండి, చివరికి తప్పుకోండి. తప్పుకోవడం దగ్గరే పెద్దలకు చేతులు రావు.

ఇవ్వదగ్గ పనులు: సండే స్కూల్లో చిన్నపిల్లల క్లాసుకు సహాయకులుగా ఉండడం, వీబీఎస్‌లో (సెలవుల్లో పిల్లలకు పెట్టే బైబిల్ బడిలో) పాటలు నేర్పడం, మంచం పట్టిన పెద్దవాళ్ళ ఇంటికి వెళ్ళి వాక్యం చదివి రావడం, సంఘం లెక్కలు కంప్యూటర్లో ఎక్కించడం, కొత్తగా వచ్చినవాళ్ళను పలకరించి పేరు రాసుకోవడం. యూత్ కానుక లెక్క కూడా వాళ్ళ చేతికే ఇవ్వండి. ఒకరు లెక్కపెట్టాలి, ఇంకొకరు రాయాలి, ఇద్దరూ సంతకం పెట్టాలి, నెలకోసారి ట్రెజరర్ గారు చూడాలి. డబ్బు దగ్గర నమ్మకంగా ఉండడం ఇక్కడే అలవాటవుతుంది.

జాగ్రత్త: కీబోర్డు, ప్యాడ్స్ వాయించేవాళ్ళే యూత్ అనుకునే అలవాటు మన సంఘాల్లో బలంగా ఉంది. పాట రానివాళ్ళు గోడ పక్కన నిలబడిపోతారు. మీ నోటు పుస్తకంలో మూడో ప్రశ్న జవాబు చూసి పని ఇవ్వండి. అలాగే పాస్టర్ గారి పిల్లలకో, కమిటీ సభ్యుల పిల్లలకో అన్నీ పోతున్నాయేమో ప్రతి మూడు నెలలకూ సరిచూసుకోండి.

5. కూడిక నడపండి

గంటంబావు చాలు. పలకరింపులు పది నిమిషాలు, పాటలు పది నిమిషాలు, వాక్యం అరగంట, ప్రార్థన పావుగంట, టీ పది నిమిషాలు.

వాక్యం దగ్గర ప్రసంగం వద్దు. గుండ్రంగా కూర్చుని మార్కు సువార్త మొదటినుంచి చదవండి. 16 అధ్యాయాలు, రెండు వారాలకొకటి చొప్పున చదివినా దాదాపు ఎనిమిది నెలల్లో అయిపోతుంది. చదివాక మూడే ప్రశ్నలు: ఇక్కడ ఏం జరిగింది? యేసు గురించి ఏం తెలిసింది? ఈ వారం మనం ఏం చేయాలి? జవాబు రాకపోతే మీరు అందుకోకండి. మనసులో ఇరవై దాకా లెక్కపెట్టండి, ఎవరో ఒకరు నోరు విప్పుతారు.

మన దగ్గర ఒక చిక్కుంది. ఇంగ్లీషు మీడియంలో చదివినవాళ్ళు, చిత్తూరు సరిహద్దులో ఇంట్లో తమిళం మాట్లాడేవాళ్ళు తెలుగు మాట్లాడతారు గానీ తెలుగు బైబిల్ గడగడా చదవలేరు. వంతులవారీగా చదివిస్తే తమ వంతు రాకముందే బయటికి వెళ్ళిపోతారు. చదివేవాళ్ళను ముందే అడిగి పెట్టుకోండి. పాత అనువాదంతో పాటు వాడుక భాషలో ఉన్న అనువాదం కూడా ఒకటి చదివించండి. ఫోన్‌లో ఇంగ్లీషులోనో తమిళంలోనో చూసుకుంటే చూసుకోనివ్వండి.

అపొస్తలుల కార్యములు 20వ అధ్యాయంలో పౌలు అర్ధరాత్రి దాకా ప్రసంగిస్తుంటే, కిటికీలో కూర్చున్న ఐతుకు అనే యువకుడు నిద్రపట్టి మూడో అంతస్తు నుంచి పడిపోయాడు. పౌలు ప్రసంగం ఆపి, కిందికి దిగి వెళ్ళి అతన్ని కౌగిలించుకున్నాడు. బాధ్యులిద్దరూ ఈ భాగాన్ని కలిసి చదువుకోండి.

నెలకోసారి మన ప్రాంతపు సంగతి ఒకటి చెప్పించండి, ఒక్కోసారి ఒక్కొక్కరి చేత. వేలూరు సీఎంసీ ఆస్పత్రికి పోని కుటుంబం చిత్తూరులో అరుదు. దాన్ని 1900లో ఒకే ఒక్క మంచంతో మొదలుపెట్టిన మిషనరీ డాక్టరు ఐడా స్కడర్‌కు అప్పటికి ముప్పై ఏళ్ళు కూడా నిండలేదు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో క్షయ రోగులకోసం 1915లో శానిటోరియం తెరిచారు. తిరుపతిలో దక్షిణాంధ్ర లూథరన్ సంఘం ప్రధాన కార్యాలయం ఉంది, దాని వేళ్ళు 1865లో జర్మనీ నుంచి వచ్చిన హెర్మన్స్‌బర్గ్ మిషనరీల పనిలో ఉన్నాయి. పిల్లలు తమ అవ్వాతాతల్ని అడిగి సొంత సంఘం కథ రాసుకొస్తే అది అన్నిటికంటే విలువైనది.

6. బరువు చెప్పుకున్నప్పుడు

నాలుగైదు నెలలు నమ్మకంగా వింటే, ఎవరో ఒకరు కూడిక అయ్యాక చెప్పులు వేసుకుంటూ ఆలస్యం చేస్తారు. అందరూ వెళ్ళేదాకా ఆగి "అన్నా, ఒక మాట" అంటారు. ఇంటికి పోవాలని తొందరపడకండి. ప్రేమ విషయం, కులం గురించి కాలేజీలో పడ్డ మాట, దేవుడున్నాడా అనే సందేహం, తండ్రి తాగుడు, ఏదైనా కావచ్చు. సందేహాన్ని పాపంగా కొట్టిపారేయకండి. జవాబు తెలియకపోతే "తెలుసుకుని చెబుతా" అని, చెప్పిన మాట ప్రకారం తర్వాతి వారం చెప్పండి.

రెండు సందర్భాల్లో మాత్రం రహస్యంగా ఉంచుతానని మాట ఇవ్వకూడదు. చచ్చిపోవాలనిపిస్తోంది అంటే ఒంటరిగా వదలకండి. ఇంట్లో నమ్మదగ్గ పెద్దవాళ్ళకు చెప్పి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. మానసిక ఆరోగ్యానికి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలీ మానస్ 14416కు ఏ వేళైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. ప్రార్థన చేయండి, మందులు ఆపమని మాత్రం ఎప్పుడూ చెప్పకండి. రెండోది, 18 ఏళ్ళలోపు పిల్లలపై లైంగిక వేధింపు. 2012 పోక్సో చట్టం ప్రకారం తెలిసినవాళ్ళు పోలీసులకు చెప్పి తీరాలి, దాచడం నేరం. పిల్లల సహాయానికి చైల్డ్ లైన్ నంబరు 1098. వేధించినది సంఘంలో ఎంత పెద్దవాడైనా లోపల లోపల పంచాయితీ చేయకండి.

ఇవి మొదటి రోజు నుంచే పాటించాల్సినవి: ఏ పెద్దవాళ్ళూ మైనరు పిల్లలతో మూసిన గదిలో ఒంటరిగా ఉండకూడదు. రాత్రిపూట విడిగా మెసేజీలు పెట్టకూడదు. వాట్సాప్ గ్రూపులో అన్న, అక్క ఇద్దరూ అడ్మిన్లుగా ఉండాలి, రాత్రి తొమ్మిది తర్వాత ఏదీ పెట్టకూడదు. అమ్మాయిల ఫోటోలు వాళ్ళ ఇంటివాళ్ళ అనుమతి లేకుండా ఎక్కడా వేయకూడదు. బయటి ఊరికి రిట్రీట్‌కు తీసుకెళ్తే తల్లిదండ్రుల సంతకం తీసుకోవాలి.

7. బయటి సేవ

తిరుపతిలోని ప్రభుత్వ రుయా ఆస్పత్రి బ్లడ్ బ్యాంకులో రక్తదానంతో మొదలుపెట్టడం తేలిక. 18 ఏళ్ళు నిండాలి, 45 కిలోలకు తగ్గకూడదు, హిమోగ్లోబిన్ 12.5 ఉండాలి. మగవాళ్ళు మూడు నెలలకు, ఆడవాళ్ళు నాలుగు నెలలకు ఒకసారి ఇవ్వవచ్చు. ఖాళీ కడుపుతో, ఉపవాసం రోజున ఇవ్వకండి. ఇంకొకటి, వీధిలో టెన్త్ పిల్లలకు సాయంత్రం లెక్కలు చెప్పడం. ఏ మతం పిల్లలైనా రానివ్వండి, చెప్పేది లెక్కలే అయి ఉండాలి. సాయానికి షరతు పెడితే అది సేవ కాదు.

తిరుపతిలో ఉన్నవాళ్ళు ఇది గుర్తుంచుకోవాలి. తిరుమలలో ఇతర మతాల ప్రచారానికి 2007 నుంచి చట్టపరమైన నిషేధం ఉంది. ఉత్సాహం ఎక్కువైన పిల్లలు కరపత్రాలతో అటు వెళ్ళకుండా ముందే చెప్పండి. కేసుల భయంతోనే కాదు, భక్తితో కొండకు పోయే పొరుగువాళ్ళ మనసు నొప్పించకూడదు కాబట్టి కూడా. క్యారల్స్ రౌండ్స్‌కు వెళ్ళినప్పుడు సైతం సంఘస్థుల ఇళ్ళకూ, పిలిచినవాళ్ళ ఇళ్ళకూ వెళ్ళండి, రాత్రి పదికి ముందే డప్పులు, మైకులు ఆపండి.

పని జరుగుతోందా లేదా ఎలా చూసుకోవాలి?

తలలు లెక్కపెట్టడం వల్ల తెలిసేది తక్కువ. మూడు నెలలకోసారి ఇద్దరు బాధ్యులూ నోటు పుస్తకం తెరిచి ఇవి చూడండి:

- ఈ మూడు నెలల్లో ఎవరి పేజీలోనూ కొత్త మాట రాయలేదంటే ఆ పేజీ మనిషిని మీరు మరిచిపోయారు. ఈ వారమే వెళ్ళండి.
- పాట, వాద్యం కాకుండా వేరే బాధ్యత ఉన్నవాళ్ళు ఎంతమంది? పెరుగుతున్నారా?
- మీరిద్దరూ ఒక ఆదివారం ఊళ్ళో లేకపోతే కూడిక జరిగిందా? జరిగితే పని వేరుపట్టింది. ఆగిపోతే నాలుగో మెట్టుకు తిరిగి వెళ్ళండి.
- వాళ్ళే ఇంకొకరిని వెంటబెట్టుకుని వస్తున్నారా?
- మీ ముఖం మీద "ఇది నాకు అర్థం కాలేదు అన్నా", "ఇది నచ్చలేదు అక్కా" అనగలుగుతున్నారా?

ఆరు నెలలైనా ఐదారుగురే వస్తున్నారంటే కంగారుపడకండి. వాళ్ళు వారం వారం వస్తుంటే చాలు. ఇరవైమంది వచ్చి ప్రతివారం ముఖాలు మారుతుంటే మాత్రం రెండో మెట్టు సరిగా జరగలేదని అర్థం.

8. వెళ్ళిపోయేవాళ్ళను అప్పగించండి

బాగా ఎదిగిన పిల్లలే ముందు వెళ్ళిపోతారు: బెంగళూరు, చెన్నై, హైదరాబాదు ఉద్యోగాలకు. సంఘం వాళ్ళను పోగొట్టుకునేది సరిగ్గా ఆ మొదటి రెండు మూడు నెలల్లోనే. వెళ్ళేముందు ఆదివారం ఆరాధనలో ముందుకు పిలిచి ప్రార్థించండి. పాస్టర్ గారి చేత పరిచయ పత్రం రాయించండి, అందులో ఇక్కడ ఏ పని చేశారో ఉండాలి. వాళ్ళుండబోయే చోటికి దగ్గర్లో ఉన్న సంఘం వెతికి, అక్కడి కాపరికి మీరే ఫోన్ చేసి పేరు, నంబరు ఇవ్వండి. మొదటి నెల ప్రతి ఆదివారం సాయంత్రం "ఈ రోజు ఎక్కడికి వెళ్ళావు?" అని ఒక ఫోన్ చేయండి. నోటు పుస్తకంలో వాళ్ళ పేజీ కొట్టేయకండి. సెలవులకు ఊరికొచ్చిన ఆదివారం కూడికలో వాళ్ళకు చేయడానికి పని ఒకటి సిద్ధంగా ఉంచండి.